మోకాలి పుణ్యమా అని

"అమ్మ మోకాలు బాగైపోయిందిగా. ఇంక రేపట్నించి సాయంత్రం టీ టైముకి అందుతుంది," అన్నారు మా ఆయన పేపరు మడుస్తూ.

నేను ఆరిన బట్టల కుప్ప ముందు కూర్చుని మేజోళ్ళకి జతలు వెతుకుతున్నాను. మా ఇంట్లో మేజోళ్ళు ఒకటి ఒకచోట, ఒకటి ఇంకోచోట విప్పేవాళ్ళు ఇద్దరున్నారు గానీ వాటిని కలిపేదాన్ని నేనొక్కదాన్నే. ఫిజియోథెరపీ అమ్మాయి అప్పుడే వెళ్ళింది. అత్తయ్య కుడికాలిని వంచి, చాపి, లేపి, దించి, "ఇంక నా అవసరం లేదండీ, మోకాలు భేషుగ్గా ఉంది" అని చెప్పి మెట్లు దిగిపోయింది. అందరూ సంతోషించారు. మామయ్య అయితే అత్తయ్య కంటే ఎక్కువ సంతోషించారు. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. వెంటనే నా మీద నాకే సిగ్గేసింది. పెద్దావిడ కాలు బాగైతే కోడలు దిగులు పడటం ఎక్కడైనా ఉందా?

తలెత్తి అత్తయ్య వంక చూశాను. ఆవిడ నా వంకే చూస్తోంది. కుర్చీలోంచి లేవబోయి, సగంలో ఆగి, "అమ్మా!" అంది. చెయ్యి మోకాలి మీద వేసుకుంది. "ఎక్కడ తగ్గిందిరా పూర్తిగా? ఆ పిల్లకేం తెలుసు, నొప్పి నాది కదా," అని కొడుకుతో చెప్పి, మెల్లగా కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను చేతిలో ఉన్న మేజోడు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఎందుకంటే అంతకు ముందురోజే ఆవిడ నాతోపాటు గట్టు మీంచి రాతివంతెన మీదికి వెళ్ళే మెట్లన్నీ ఎక్కి, పైన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఏం అమ్మాయ్, ఆయాసమా?" అని నన్నే వెక్కిరించింది.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు "రోజూ నడిపించండి, నదిగట్టు అయితే ఎగుడుదిగుళ్ళు ఉండవు" అన్నప్పుడు మొదలైందీ నడక. "నడిపించండి" అనే మాట వినగానే ఇంటిల్లిపాదీ నావైపు తిరిగారు. మంచినీళ్ళు కావాలన్నా, రిమోటు కనబడకపోయినా తిరిగేది నావైపే కాబట్టి అందులో వింతేమీ లేదు. "నువ్వు షాపు నుంచి కాస్త ముందొచ్చి అమ్మని తీసుకెళ్ళు. వంట తర్వాత చేసుకోవచ్చు," అన్నారు మా ఆయన. చేసుకోవచ్చు అన్నారు, నేనేదో నా ఒక్కదానికే వండుకుంటున్నట్టు.

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. ముందు వెళ్తానని ఎప్పుడడిగినా మా ఓనరు మొదటి ప్రశ్న ఒకటే: "ఎవరికి బాగాలేదు?" నాకే జ్వరమైతే మాత్ర వేసుకుని కూర్చోమనే మనిషి, అత్తగారి మోకాలు అనేసరికి వెన్నలా కరిగిపోయాడు. "పెద్దవాళ్ళ సేవ, వెళ్ళండి వెళ్ళండి" అన్నాడు. అలా ఒక ముసలి మోకాలి పుణ్యమా అని మా ఇద్దరికీ రోజూ ఒక సాయంత్రం దొరికింది.

పడవల రేవు పక్కన నగరపాలక సంస్థ వాళ్ళు పెట్టిన పెద్ద బోర్డు ఉంది. "చారిత్రక నగరంలో సులువైన నదీతీర నడకలు" అని రాసి, కింద రంగురంగుల గీతలతో దారులు చూపించారు. ఆకుపచ్చ గీత రేవు నుంచి రాతివంతెన దాకా. నీలం గీత కోటగోడ వెంబడి. ఎర్ర గీత వంతెన దాటి అవతలి గట్టుకి. మేం ఆకుపచ్చతో మొదలుపెట్టాం. అంత సులువైన నడకలోనూ మాకో చిక్కొచ్చి పడింది. మా ఇద్దరికీ ముందు నడవడం రాదు. అత్తయ్యకి మామయ్య వెనక, నాకు మా ఆయన వెనక నడిచి అలవాటు. నేను ఆవిడ కోసం ఆగితే ఆవిడ నా కోసం ఆగుతుంది. "నడు", "మీరు నడవండి" అనుకుంటూ ఆ మొదటిరోజు రేవు దగ్గరే పొద్దు వాలిపోయింది. పక్కపక్కన నడవచ్చని మాకు తట్టడానికి చాలా రోజులే పట్టింది.

అత్తయ్య పెళ్ళై ఈ ఊరొచ్చింది. అప్పటి నుంచీ నదికి కూతవేటు దూరంలోనే ఉంది. నది ఉందని ఆవిడకి తెలుసు. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లితే "పాడు నది" అని తిట్టుకునేది. అంతకుమించి పరిచయం లేదు. కెమెరాలు మెడలో వేసుకుని తిరిగే యాత్రికులని చూసి ఒకరోజు బెంచీ మీద కూలబడి, "వీళ్ళు సముద్రాలు దాటి వచ్చి చూస్తున్నారే. నేను వీధి దాటి రాలేకపోయాను," అంది. నేనూ ఈ ఊళ్ళోనే పనిచేస్తున్నాను, రోజూ బస్సులో వంతెన మీదుగానే వెళ్తాను. బస్సులో నేనెప్పుడూ కిటికీలోంచి చూడలేదు. రాత్రి వంటకి ఏముంది, ఏం లేదు అని లెక్క వేసుకుంటూ ఉండేదాన్ని.

వంతెన మొదటి స్తంభం మీద పాత వరదలు వచ్చిన సంవత్సరాలు చెక్కి ఉన్నాయి, నీళ్ళు ఎక్కడిదాకా వస్తే అక్కడ గీత. అత్తయ్య వంగి ఒక గీత మీద వేలు పెట్టింది. "ఇదిగో, మీ ఆయన కడుపులో ఉన్నప్పటి వరద ఇది. వంటింట్లోకి నీళ్ళొచ్చాయి. మీ మామయ్య వంతెన దాకా వెళ్ళి చూసొచ్చి 'ఏం వరద, ఏం వరద' అని ఒకటే చెప్పడం. నేను వింటూ నేల తుడుస్తున్నా." ఆ గీత మీద వేలు చాలాసేపు తీయలేదు. తర్వాత చెయ్యి దులుపుకుని "పద, చూశాంగా" అంది.

మొదట్లో నడుస్తున్నంతసేపూ నా తలలో ఇల్లే తిరిగేది. గ్యాసు కట్టేశానా, ఇస్త్రీ బట్టలు తెచ్చారా, రేపటికి పాలున్నాయా. అత్తయ్య కూడా అంతే, "వెనక తలుపు వేశావా?" అని దారి పొడుగునా అడిగేది. ఏ రోజు నుంచో తెలీదు గానీ ఆ గోల తగ్గిపోయింది. కోటగోడ సందుల్లో పిచ్చికలు దూరడం, సుంకం వసూలు చేసిన పాత భవనం కిటికీలు ఇటుకలతో మూసేసి ఉండటం, పడవలు కట్టే రాళ్ళకి మోకులు రాసుకుని గాట్లు పడటం, ఇవన్నీ కనబడటం మొదలుపెట్టాయి. ఎవరి కోసమూ కాకుండా నా కాళ్ళు ఎటో వెళ్తుంటే వాటి వెంట నేను వెళ్ళడం నాకు చాలా బాగుండేది. ఇంత చిన్న సుఖం కోసం ఇన్నేళ్ళు ఆగానా అని కోపమూ వచ్చేది.

ఎర్ర గీత పట్టుకుని మొదటిసారి అవతలి గట్టుకి చేరినరోజు వెనక్కి తిరిగి చూస్తే మా ఊరు మొత్తం నీళ్ళ మీద నిలబడి ఉంది. బురుజులు, గడియార స్తంభం, వరసగా ఇళ్ళు. ఆ ఇళ్ళ మధ్య ఒక డాబా మీద తీగ, తీగ మీద ఎర్రచారల దుప్పటి. "అమ్మాయ్, మన దుప్పటి!" అని అత్తయ్య అరిచింది. "ఇంత పెద్ద ఊళ్ళో మనం కనబడేది ఆ బట్టల తీగ మీదేనన్నమాట" అని ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళొచ్చాయి.

అదండీ, ఫిజియోథెరపీ అమ్మాయి ఒక్క మాటతో మా దగ్గర్నుంచి తీసుకుపోబోయింది. అత్తయ్య ఇవ్వలేదు.

ఆ రోజు నుంచి మా నాటకం మొదలైంది. ఇంట్లో అత్తయ్య కుంటుతుంది, నేను వేడినీళ్ళ సంచీ అందిస్తాను. వీధి మలుపు తిరగగానే ఆవిడ కాలు బాగైపోతుంది. తిరిగొచ్చేటప్పుడు అదే మలుపు దగ్గర ఆగి, జుట్టు సరిచేసుకుని, "ఇంక మొదలెట్టనా?" అని నన్నడిగి కుంటడం మొదలుపెడుతుంది. మా ఆయన మోకాలికి పట్టీ కొనుక్కొచ్చారు. మామయ్య తాగిన గ్లాసు తనే తీసుకెళ్ళి సింకులో పెట్టడం నేర్చుకున్నారు. కొత్త దంపతుల కాపురంలో కూడా జరగని వింతలు మా ఇంట్లో జరిగాయి.

కానీ దొంగ నాటకానికి జ్ఞాపకశక్తి ఎక్కువ కావాలి. ఒక ఆదివారం సాయంత్రం బయల్దేరబోతూ అత్తయ్య గదిలోంచి కుంటుకుంటూ వచ్చింది. హాల్లో మామయ్య కొత్త కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. ఆ కళ్ళజోడు మా షాపులో నేనే దగ్గరుండి పరీక్ష చేయించి తెచ్చినది. నా పని నేను శ్రద్ధగా చేసినందుకు దక్కిన ఫలితం ఇదీ.

"ఆగు. ఆపరేషన్ ఏ కాలికి?" అన్నారు మామయ్య.

"కుడికాలికి కదా నాన్నా," అన్నారు మా ఆయన.

"మరి మీ అమ్మ ఎడమకాలు కుంటుతోందేం?"

అత్తయ్య ఆగిపోయింది. దొంగకి తేలు కుట్టినట్టయింది మా పరిస్థితి. "కుడికాలి మీద భారం పడకూడదని మొత్తం ఎడమకాలి మీదే..." అంటూ నేనేదో అల్లబోయాను. "నువ్వుండు" అన్నారు మా ఆయన. "ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదినీ వెర్రివాళ్ళని చేశారన్నమాట. ఇది అమ్మకి పుట్టిన బుద్ధి కాదులే. ఎవరు నేర్పారో నాకు తెలుసు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచేలోపు అత్తయ్య చెయ్యెత్తింది.

"నా బుద్ధి నాకే పుట్టిందిరా. ఎవరూ నేర్పలేదు. నొప్పి ఉంటే పంపించారు. నొప్పి తగ్గిందంటే టీ పెట్టమన్నారు. మరి నేనేం చెయ్యను?"

"నిన్ను వెళ్ళొద్దని ఎవరన్నారు?" అన్నారు మామయ్య, నిజంగానే ఆశ్చర్యపోతూ.

"ఎవరూ అనలేదండీ. ఎవరూ అనకుండానే నా వయసంతా అయిపోయింది, చూశారా?" అంది అత్తయ్య. ఆ మాటలో ఏడుపు లేదు. పట్టీ ఊడదీసి బల్ల మీద పెట్టి, చక్కగా నడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి బూట్లు వేసుకోవడం మొదలుపెట్టింది.

మా ఆయన బల్ల మీది పట్టీని చేతిలోకి తీసుకున్నారు. "సరేనమ్మా, వెళ్ళిరా. నిన్ను కాదన్నవాళ్ళెవరు? కాలు బాగుంది కాబట్టి తోడు అక్కర్లేదు. తను ఇంట్లో ఉంటుంది."

అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ నేను అత్తయ్య మోకాలి చీటీ మీద ప్రయాణం చేస్తున్నాను. ఆ చీటీ చిరిగిపోయింది. నాకంటూ ఏ నొప్పీ లేదు. అత్తయ్య వంక చూశాను, ఒక్క మాట అంటుందేమోనని. ఆవిడ తలొంచుకుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. ఒకసారి కట్టింది, విప్పి మళ్ళీ కట్టింది. నా బదులు మాట్లాడదు, కానీ నన్ను వదిలి వెళ్ళదు. అర్థమైంది. వెళ్ళి నా బూట్లు తీసుకున్నాను.

"నువ్వెక్కడికి?" అన్నారు ఆయన.

"నడకకి."

"అమ్మకి తోడు అక్కర్లేదని చెప్పాగా. ఇంకెందుకు?"

"నాకిష్టం."

ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందు నేనెప్పుడూ వాడలేదు. పిల్లల్లేని ఇంట్లో గడియారం చప్పుడు వినిపించినట్టు అందరికీ స్పష్టంగా వినిపించింది. మామయ్య మాత్రం చివరి ప్రయత్నం చేశారు. "మరి టీ?"

"నీళ్ళు, పాలు, పొడి. ముగ్గురూ వంటింట్లోనే ఉంటారు, వెళ్ళి పలకరించండి," అంది అత్తయ్య, తలుపు తీస్తూ.

ఆ రోజు మేం మూడు గీతలూ నడిచాం. వీధి మలుపు దగ్గర ఆగలేదు. వంతెన మీద జనం ఎక్కువై పక్కపక్కన నడవడానికి చోటు లేకపోతే అత్తయ్య నా వీపు మీద తట్టి "నడు" అంది. నేను వెనక్కి చూడకుండా ముందు నడిచాను. నా వెనక ఆవిడ అడుగులు రెండూ సమానంగా, గట్టిగా వినబడుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగి మాడి ఉన్నాయి. మామయ్య నల్లటి టీ గ్లాసులో పట్టుకుని, తాగలేక, పారబొయ్యలేక కూర్చున్నారు. కానీ పెట్టారు. మా ఆయన రాత్రి నాతో మాట్లాడలేదు. ఆరిన మేజోళ్ళు కుప్పగా ఉంటే అలాగే వదిలేశాను. మర్నాడు ఆయన ఒక కాలికి నల్లది, ఒక కాలికి ముదురు నీలంది వేసుకుని ఆఫీసుకి వెళ్ళారు. ఆకాశం ఊడి పడలేదు.

షాపుకి వెళ్ళగానే ఓనరుకి చెప్పాను, మా అత్తగారి మోకాలు తగ్గిపోయిందని. ఆయన చాలా సంతోషించాడు. "శుభం. అయితే ఇవాళ్టి నుంచి మూసేదాకా ఉండొచ్చన్నమాట."

"లేదండీ. పొద్దున ఒక గంట ముందొస్తాను. సాయంత్రం మాత్రం ఆ వేళకే వెళ్తాను."

ఆయన మొహంలోకి జాలి వచ్చేసింది. "అయ్యో, మళ్ళీ ఎవరికి బాగాలేదు?"

"అందరం బాగున్నామండీ," అన్నాను. "అందుకే వెళ్తున్నాను."