రాజీ పెండ్లికి డీజే

డీజే వాళ్లందరూ ఒకే గురువు దగ్గర చదువుకున్నట్టున్నారు. జనగామ చౌరస్తాలో అడిగినా, స్టేషన్ రోడ్డులో అడిగినా ఒకటే మాట: "మా తాన అన్ని పాటలున్నయక్కా." ఉంటాయి నాయనా, ఎందుకుండవు. ఈ రోజుల్లో ఫోన్ ఉన్న ప్రతివాడి దగ్గరా అన్ని పాటలూ ఉన్నాయి. నాకు కావలసింది పెట్టేవాడు కాదు, చెప్పినప్పుడు ఆపేవాడు. ఆ మాట అనగానే వాళ్లు నన్ను ఎగాదిగా చూసేవారు. "ఆపుడేందక్కా? మేమచ్చేదే పెట్టెతందుకు గదా!"

పెండ్లి మా తమ్ముడు దిలీప్‌ది. మాది లింగాల ఘనపూర్. అమ్మాయి రాజీది గూడూరు అవతల ఒక లంబాడీ తండా. ఇద్దరూ జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో పని చేస్తారు. వాడు ల్యాబులో, ఆమె నర్సు. ప్రేమ పెండ్లికి ఎన్ని గొడవలు జరగాలో అన్నీ జరిగిపోయాక, రెండు వైపులా పెద్దలు అలసిపోయి సరే అన్నారు. జనగామలో ఫంక్షన్ హాలు, పగటి ముహూర్తం. వంటవాళ్ల సంగతి మా బాపు పోశాలు చూసుకుంటానన్నాడు. డీజే సంగతి నా మెడకు చుట్టారు. బడిలో పాఠాలు చెప్పేదాన్ని కదా, నా గొంతు ముందు ఏ సౌండ్ బాక్సూ ఆగదని దిలీప్ నవ్వాడు. వాడికేం, పెండ్లికొడుకు.

ఇక అందరూ తలా ఒక షరతు తెచ్చి నా నెత్తిన పెట్టారు. బాపుకు తీన్మార్ దరువు కావాలి. మా మేనమామ జయపాల్ వాళ్లది చిట్యాల, వాళ్లింట్లో అందరూ చర్చికి పోతారు. ఆయన ఫోన్ చేసి, "శ్రీలతా, మొదలు ఒక ప్రార్థన పాట పెట్టియ్యి బిడ్డా. బూతు పాట ఒక్కటి ఇనవడ్డా నేను, మీ అత్త లేసి బస్టాండుకు పోతం" అన్నాడు. రాజీ వాళ్ల నాయిన భోజ్యా నెమ్మదైన మనిషి. "మా పోరగాండ్లకు మా పాటలు జర పెట్టియ్యమ్మా, ఎగురుతరు" అని మాత్రం అడిగాడు. మా అమ్మ యాకమ్మకు ఏ పాటైనా ఒకటే, మోత ఉంటే చాలు. "సప్పుడు గట్టిగుండాలె. గీ పెండ్లి మీద మన సుట్టాలు ఏమేం గునుస్తాండ్రో నా సెవుల వడొద్దు" అంది. అందులో అబద్ధం లేదు. పెండ్లి ఖాయమైన నాటి నుంచి చుట్టాల మాటలు విని విని ఆమె సగమైపోయింది.

రాజీ మాత్రం ఏ పాటా అడగలేదు. దవాఖాన ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో నన్ను కూర్చోబెట్టి, గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ చెప్పింది.

"వదినా, నేను ఎల్లేటప్పుడు మాత్రం డీజే బంద్ వెట్టియ్యిరి. గంతే."

"ఎందుకే?"

"మా తండాలల్ల పెండ్లిపిల్ల ఎల్లేటప్పుడు ఇంటోళ్ల మెడ వట్టుకొని పాడుకుంట ఏడుస్తది. ఢావ్లో అంటరు. పిల్ల ఒక మాట అంటే, పెద్దామె ఒక మాట అంటది. నాకు మా అవ్వ నేర్పింది."

అవ్వ అంటే నాయనమ్మ తుల్సీబాయి. రాజీ తల్లి చిన్నప్పుడే పోతే పెంచింది ఆమే. మనవరాలు నర్సింగ్ చదువుకు పోయేదాకా, పత్తి చేనులో పక్కపక్క సాళ్లలో నడుస్తూ ఆ పాట నేర్పిందట. ఇప్పుడు చెవులు సరిగా పని చేయడం లేదు. దగ్గరికి పోయి చెవిలో గట్టిగా అంటే తప్ప వినపడదు.

"మా చిన్నాయిన బిడ్డ పెండ్లిల గిట్లనే పాడవోయింది వదినా. ఇవుతల డీజే మోగుతాంది. పిల్ల నోరు కదులుతాంది, మాట వస్తలేదు. మా అవ్వ ఇంటికొచ్చి అన్నం తినలే. 'నువ్వన్న నాకు ఇనవడేటట్టు పాడు బిడ్డా' అన్నది. ఇంకో ఏడాదైతే ఆమెకు అదీ ఇనవడది."

నేను మాట ఇచ్చాను. నాకు ఒకసారి మాట ఇస్తే నిద్ర పట్టదు, అదొక రోగం.

జనగామలో మొదటివాడు లంబాడీ పాటలు ఉన్నాయని చెప్పి, ఏదో హిందీ పాట పెట్టి, తెర మీద అద్దాల పావడాలు కట్టిన సినిమా వాళ్లను చూపించాడు. ఇది వాళ్ల పాట కాదు కదా అంటే, "బట్టలు గవ్వే గదక్కా" అన్నాడు. రెండోవాణ్ణి భూపాలపల్లి నుంచి జయపాల్ మామ పంపించాడు. మంచి పిల్లవాడు, వంచిన తల ఎత్తడు. కానీ వాడు పెట్టినవి విని మా బాపు, "ఇది పెండ్లా, ఉపవాస కూటమా?" అని లేచిపోయాడు. ఇంకొకణ్ణి ప్రార్థన పాట అడిగితే దానికే దరువు కలిపి వినిపించాడు. ఫోన్లో వింటున్న జయపాల్ మామ టక్కున పెట్టేశాడు. కాలికి వేస్తే వేలికి, వేలికి వేస్తే కాలికి. బడి వదలగానే ఈ తిరుగుడే నాకు. నలుగురినీ ఒప్పించడం కప్పలను తక్కెడలో తూచినట్టే ఉంది. ఒకరిని కూర్చోబెడితే ఇంకొకరు దూకుతారు. ఇంత చేసినా ఎవరూ "పాపం శ్రీలత" అనలేదు, "ఇంకా దొరకలేదా" అన్నారు.

చివరికి మహబూబాబాద్‌లో సదానందం దొరికాడు. నలభై దాటిన మనిషి, తండాల పెండ్లిళ్లకూ చర్చి పండుగలకూ బోనాలకూ పోయినవాడు. నేను ఢావ్లో సంగతి చెప్పగానే తల ఊపాడు.

"ఎరికేనమ్మా. నువ్వు చెయ్యెత్తు, నేను బంద్ వెడుత."

"మధ్యలో ఎవరైనా వచ్చి పెట్టమంటే?"

"నీ మాటే ఇంట. జబాన్ అంటే జబాన్, మాట తప్ప."

ఆ రోజు మహబూబాబాద్ నుంచి రైల్లో వస్తూ నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఇంటికి వచ్చి అమ్మకు కూడా చెప్పాను. అప్పగింతలప్పుడు డీజే ఉండదు, పిల్ల ఏడుస్తుంది అని. అమ్మ బియ్యం చెరుగుతూ, "ఏడ్వక నవ్వుతదా, ఆడివిల్ల" అంది. అంతటితో అయిపోయిందనుకున్నాను. ఇల్లు అలకగానే పండుగ కాదని బడిలో పిల్లలకు చెప్పేది నేనే.

పెండ్లి రోజు సదానందం నిజంగానే మెప్పించాడు. మొదట ప్రార్థన పాట పెట్టాడు. జయపాల్ మామ కళ్లు మూసుకొని చివరి దాకా విన్నాడు. తలంబ్రాలయ్యాక తీన్మార్ మోగితే బాపు తువ్వాల నడుముకు బిగించి దిగాడు. లంబాడీ పాటలకు తండా ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతుంటే మా బళ్లో టీచరమ్మలు కూడా చెప్పులు విడిచి కలిశారు. ఆ కాసేపు ఎవరు ఎవరి చుట్టమో ఎవరికీ పట్టలేదు. మా అమ్మ కూడా నవ్వింది. నా కష్టం ఊరికే పోలేదని పొంగిపోయాను.

భోజనాలయ్యాయి. కారు గేటు దగ్గరికి వచ్చింది. తుల్సీబాయిని కుర్చీలో తెచ్చి మెట్ల దగ్గర కూర్చోబెట్టారు. నేను చెయ్యెత్తాను. సదానందం ఆపేశాడు.

పొద్దుటి నుంచి ఆ మోతలో ఉన్నామేమో, హాలంతా ఖాళీ అయినట్టు అనిపించింది. వంటల దగ్గర గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడింది. రాజీ వంగి నాయనమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, చెవి దగ్గర నోరు పెట్టి మొదలుపెట్టింది. పాట అనాలో ఏడుపు అనాలో తెలియదు. ఒక్కో మాటా పొడుగ్గా సాగి చివర విరిగేది. తుల్సీబాయి కళ్లు మూసుకొని విని, వణుకుతున్న గొంతుతో మాట కలిపింది. ఆ భాష నాకు రాదు. అయినా నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు మా పెద్దమ్మ అండాలు గొంతు వినపడింది. "యాకమ్మా, పెండ్లిల గీ శోకం ఏందే? పీనుగ మీద వడి ఏడ్సినట్టు ఏడుస్తాండ్రు!"

నిజమే. మా ఊళ్లల్లో ఆడవాళ్లు ఇట్లా మెడ పట్టుకొని, రాగం తీసి, మాట మీద మాట కలిపి ఏడ్చేది ఒక్క చావు దగ్గరే. ఏ పెండ్లికూతురైనా అప్పగింతల్లో ఏడుస్తుంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది, కారెక్కుతుంది. మా అమ్మ అనుకున్న ఏడుపు అది. మా తాత శవం దగ్గర ఆమె ఇదే తీరుగా ఏడ్చింది, నేను చూశాను.

"వద్దు! నా కొడుకు మీద శోకం వెట్టకుండ్రి!" అంటూ మా అమ్మ సదానందం దగ్గరికి ఉరికింది. "పెట్టు! పాట పెట్టు! పెండ్లికొడుకు తల్లిని చెప్తాన!"

సదానందం నా వైపు చూశాడు. మా అమ్మ వైపు చూశాడు. ఆమె చేతులు జోడించి ఏడుస్తోంది. జబాన్ అంటే జబాన్ అన్న మనిషి, పెండ్లికొడుకు తల్లి ఏడుస్తుంటే ఏం చేస్తాడు? తీన్మార్ పెట్టేశాడు.

బాక్సులు దద్దరిల్లాయి. ఏం జరుగుతోందో తెలియని మా ఊరి పిల్లలు ఈలలు వేసుకుంటూ ఉరికి వచ్చారు. నేను బంద్ చెయ్యమని అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు. రెండు చేతులూ ఎత్తి ఊపాను. అది చూసి, టీచరమ్మ కూడా ఎగురుతోందనుకొని నన్ను మధ్యలోకి లాగారు. చెంపలు పగలగొట్టాలనిపించింది ఒక్కొక్కడికి. వాళ్ల భుజాల మీదుగా నాకు రాజీ కనపడుతోంది. నోరు కదులుతోంది. తుల్సీబాయి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని, ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి వంగుతోంది.

వాళ్లను తోసుకుంటూ పోయి తీగలన్నీ పట్టి గుంజేశాను. మోత ఆగింది. అప్పటికే మా అమ్మ రాజీని నడిపించుకుంటూ పోయి కారెక్కించేసింది.

"ఏం పని చేసినవమ్మా!" అని అందరి ముందే అరిచాను.

"నా కొడుకు పచ్చగుండాలని చేసిన! గిదేం రివాజే, శుభమా అని పెండ్లైతుంటే?"

భోజ్యా వచ్చి మా మధ్య నిలబడ్డాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"శోకం గాదమ్మా" అన్నాడు మా అమ్మతో. "దీవెన. మొదలు పుట్టినిల్లు సల్లగుండాలంటది. కొట్టం నిండ గొడ్లుండాలె, గాదె నిండ గింజలుండాలె అంటది. ఆఖరుకు అత్తగారిల్లు అంటది. మీ ఇంటి దాక ఇంకా రానేలేదు."

మా అమ్మ తనే పోయి కారు తలుపు తీసింది.

"దిగు బిడ్డా. నాకు ఎరికలేక చేసిన. మళ్ల పాడు. ఎవ్వలన్న నోరు తెరిస్తె నేను జెప్త."

కారెక్కిన పిల్ల దిగకూడదని వెనకనుంచి ఎవరో అన్నారు. మా అమ్మ తిరిగి చూసిన చూపుకు ఆ గొంతు మళ్లీ లేవలేదు. రాజీ దిగి వచ్చింది. నాయనమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. నోరు తెరిచింది.

గొంతు రాలేదు.

ఇంకోసారి ప్రయత్నించింది. గాలి వచ్చింది, మాట రాలేదు. ఏళ్ల తరబడి ఈ ఒక్క ఘడియ కోసం దాచుకున్నది, తీన్మార్ మోతను మించాలని అరిచి అరిచి ఖర్చు చేసేసింది. తల తిప్పి నా వైపు చూసి, "వస్తలేదు వదినా" అంది. ఆ గుసగుస కూడా పెదవులను బట్టి తెలిసిందే.

అప్పుడు తుల్సీబాయి ఆమె తలను రెండు చేతులతో పట్టుకొని మళ్లీ తన చెవి దగ్గరికి లాక్కుంది. రాజీ ఊపిరి ఆ చెవికి తగిలింది. ముసలామె కాసేపు ఆగింది, ఒక మాట వినడానికి పట్టేంత సేపు. తల ఊపింది. ఊపి, గొంతెత్తి తన మాట అంది. మళ్లీ ఆగింది, తల ఊపింది, మళ్లీ అంది. తన చెవే పూర్తిగా పోయిందనుకుందో, మనవరాలి గొంతు పోయిందని తెలిసే చేస్తోందో నాకు ఇప్పటికీ తెలియదు. రాజీ పెదవులు మాత్రం ఒక్క మాట తప్పకుండా కదిలాయి. అండాలు పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివర్లో భోజ్యా మా అమ్మ వైపు వంగి, "గిప్పుడు మీ ఇల్లమ్మా" అన్నాడు.

మా అమ్మ చేతులు జోడించింది. రాజీ పెదవులు కదిలాయి. తుల్సీబాయి తల ఊపింది.

"ఏమన్నది?" అని అడిగింది మా అమ్మ. "అన్నా, ఏమన్నది నా కోడలు?"

"సల్లగుండాలె అన్నదమ్మా."

రాజీ నోటి నుంచి ఏ మాటా రాలేదు. నేను పక్కనే ఉన్నాను.