దగ్గరి అంచు

మోకాలు మంచం పట్టెకు ఆనించి, ఒక చెయ్యి అత్తగారి భుజం కిందికి, రెండోది నడుం కిందికి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి కోడలు ఆమెను కుడి పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పింది.

"ఒక పక్క మాడింది, ఇక రెండో పక్క కాల్చవే," అంది అత్తగారు గోడతో.

ఎడమ తుంటి మీద పుండు ఇంకా పచ్చిగానే ఉంది. అది ఆరేదాకా ఎడమ పక్క ఆననివ్వొద్దని నర్సు గట్టిగా చెప్పింది. మంచమేమో గోడకు చేర్చి ఉంది. కుడి పక్కకు తిరిగితే ఎదురుగా పెచ్చులూడిన సున్నం తప్ప మరేమీ లేదు.

"తలుపు వైపు తిప్పవే అమ్మాయ్. వచ్చేపోయేవాళ్ళ కాళ్ళైనా కనపడతాయి."

"పుండు ఒత్తుకుంటుంది అత్తయ్యా. సాయంత్రం వచ్చాక ఏదో ఒక దారి చూస్తాను."

"చూస్తావులే. ఎక్కడో చుక్క చుట్టూ దుమ్ము ఎటు వాలిందో చూడ్డానికి పరిగెత్తుతావు. నా మంచం కింద దుమ్ము ఎటు వాలిందో చూసే దిక్కు లేదు."

కోడలికి నవ్వు రాబోయి ఆవలింతలో కలిసిపోయింది. రాత్రంతా పిల్ల దగ్గుతూనే ఉంది. భర్త లారీ ఎక్కాడంటే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో ఆ లారీకే తెలియాలి. కోడలు పిల్లను పక్కింటావిడ చేతికిచ్చి, "మధ్యాహ్నం మా అత్తయ్యను ఓసారి చూడక్కా," అంది. పిల్ల నుదురు మరోసారి తడిమి చూసింది. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ తడిమింది.

కోడలు పని చేసే గదిలో కిటికీలకు నల్లగుడ్డ కట్టి ఉంటుంది. తెర మీద నక్షత్రం బొమ్మ వస్తుంది. మధ్యలో వెలుగును మూసేసి ఉంటారు. దాని చుట్టూ మసకమసగ్గా దుమ్ము బిళ్ళ. నిండుగా మన వైపు తిరిగి ఉంటే గుండ్రంగా, అంచు మన వైపు ఉంటే గీతలా, వాలి ఉంటే కోలగా కనిపిస్తుంది. ఆ మసక మీద ఒక కోల గీతను తెచ్చి పెట్టి, తిప్పి, నొక్కి, అచ్చంగా కుదిరేదాకా సర్దాలి. తర్వాత ఏ అంచు మనకు దగ్గరో గుర్తు పెట్టాలి. చదువు మధ్యలో ఆగిపోయినా కన్ను కుదురుగా ఉందని తీసుకున్నారు. చేరిన కొత్తలో ఇదంతా అత్తగారికి చెబితే, గ్రహాలు తయారయ్యాక మిగిలిన రాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుని పొడి అయిపోతాయంటే, "ఓస్, విసరడం అయిపోయాక తిరగలి చుట్టూ మిగిలే పిండి," అని తేల్చేసింది.

మధ్యాహ్నం దాటాక, ఈ పని అప్పజెప్పే మేడం వచ్చి పక్కన కూర్చుంది.

"ఈ వారం బొమ్మలన్నిటికీ కింది అంచే దగ్గరని పెట్టారేంటండీ?"

కోడలికి చెవులు వేడెక్కాయి. "కంచం ముందు పెట్టుకుంటే ఇటు అంచేగా మేడం దగ్గర..."

"అవి మీ ముందున్న కంచాలు కావు కదా. అటు వైపు వాలినవీ ఉంటాయి. మామూలుగా ఎక్కువ వెలుగున్న వైపు మనకు దగ్గర. సాయంత్రానికి సరిచేసి ఇవ్వండి. మరీ తేలకపోతే తెలియదని పెట్టండి, తప్పులేదు."

మళ్ళీ మొదటి నుంచి. కళ్ళు మండుతున్నాయి, మెడ పట్టేసింది. ఒక బొమ్మలో వెలుగు పై అంచున ఉంది. గీతను పట్టుకుని సగం చుట్టు తిప్పింది. కోల కోలలాగే ఉంది, ఇసుమంత కూడా చెదరలేదు. దగ్గరి అంచు మాత్రం కింది నుంచి పైకి పోయింది.

చెయ్యి ఆగిపోయింది.

అత్తయ్య తల ఉన్నచోట కాళ్ళు, కాళ్ళున్నచోట తల. మంచం అదే, కుడి పక్కా అదే. పుండు మీద చీమంత బరువు పడదు. మొహం మాత్రం తలుపు వైపుకు వస్తుంది. ఇన్నాళ్ళూ దిండు ఆ కొసనే ఎందుకు పెట్టినట్టు? ఉన్నపళంగా లేచి పోదామనుకుంది. సరిచేయాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి. తల వంచుకుని కూర్చుంది.

బయట పడేసరికి బాగా పొద్దువాలింది. పక్కింట్లో పిల్ల పక్కింటావిడ ఒళ్ళో నిద్రపోతోంది. ఒళ్ళు చల్లగానే ఉంది.

"మీ అత్త మహా మొండి ఘటమమ్మా," అంది పక్కింటావిడ. "మధ్యాహ్నం గుక్కెడు నీళ్ళు తాగింది. వెల్లకిలా తిప్పనా అంటే చెయ్యి వెయ్యనివ్వలేదు. 'నా కోడలు వచ్చి తిప్పుతానంది, నువ్వు పో' అంది."

కోడలు నవ్వుకుంటూ తలుపు తోసింది. పిల్లను చాప మీద పడుకోబెట్టి, చేతులు కడుక్కుని, తన దిండు తెచ్చి మంచం కాళ్ళ కొసన పెట్టింది.

"అత్తయ్యా, దారి దొరికింది. ఈ కొసకు మారిపోతారు, అంతే."

ఇటు వైపున్న వీపు పలకలేదు. అలిగిందనుకుంది. రెండు చేతులూ పోనిచ్చి ఎత్తింది. ముసలామె మూలగలేదు, తిట్టలేదు. తల మోచేతి మీదుగా వెనక్కి వాలిపోయింది. చెంప తాకి చూసింది. వేళ్ళకు ఇంకా కాస్త వెచ్చదనం తగిలింది, ముక్కు దగ్గర మాత్రం ఏమీ తగల్లేదు. ఎప్పుడు పోయిందో, పిలిచిందో లేదో తెలియదు.

ఎత్తినదాన్ని మళ్ళీ పాత కొసన దింపలేదు. మెల్లగా చుట్టూ తిప్పి, తను తెచ్చిన దిండు మీద తల ఆనించి, పుండు తగలకుండా కుడి పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టింది. చీర కుచ్చిళ్ళు సర్దింది. మొహం తలుపు వైపుకు వచ్చింది. అప్పుడు వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. వీధిలో కాళ్ళు పోతున్నాయి, వస్తున్నాయి.

మంచం ఆ కొసన పాత దిండు, గోడకేసి తిరిగిన తల పడ్డ గుంటతో, అలాగే ఉంది.