ఎఫ్ వరుసలో ఎనిమిదో సీటు

సెమఫోర్ ఊరి సినీ విమర్శకుల సంఘంలో ఉన్నది మొత్తం తొమ్మిదిమందే. ఆ తొమ్మిదిమందికీ ఒకరి మాట ఒకరికి పడదు. అయినా ఏటా, అక్కడ నడివేసవి అయిన డిసెంబరు ఎండల్లో, సముద్రపు ఒడ్డున ఉన్న పబ్బు మేడమీద చేరి, ఆ ఏటి మేటి సినిమా ఏదో తేల్చేదాకా పట్టు వదలరు. బహుమతి అంటే ఒక చెక్క పలక, కాసిని చప్పట్లు. ఆ మాత్రానికే జుట్లు పట్టుకుంటారు.

ఓటు వేసే తీరు మాత్రం మరెక్కడా కనబడదు. చూడని సినిమాకు ఓటేసి, పైగా దాని ముగింపు గురించి గంభీరంగా ఉపన్యసించి పట్టుబడిన పెద్దమనిషి ఒకాయన వెనకటికి ఉండేవాడు. ఆయన పుణ్యమా అని ఒక నియమం పుట్టింది. ఏ సినిమాకు ఓటేస్తే దాని టికెట్టు ముక్క తెచ్చి గిన్నెలో వెయ్యాలి. తాను కొని, తాను హాల్లో కూర్చుని చూసిన టికెట్టే అయివుండాలి. ఒక్క ముక్కే పడిన సినిమా అక్కడికక్కడే పోటీలోంచి పోతుంది. ఎక్కువమంది చూడని సినిమాకు రెండు పడితే మాత్రం సంఘమంతా హాలు మాట్లాడుకుని, ఆ సినిమాను కలిసి చూశాకే తీర్పు చెప్పాలి. ఈ నియమం పెట్టింది క్లెమ్. ఆ గిన్నె కూడా అతను పచ్చికమీద బంతులు దొర్లించే లాన్ బౌల్స్ ఆటలో గెలుచుకున్న వెండి కప్పే. క్లెమ్ పోయి మూడేళ్ళయింది. కప్పు సంఘానికి మిగిలింది, అలవాట్లు అతని భార్య వెర్నాకు మిగిలాయి.

వెర్నా ఊరి వారపత్రికలో సినిమాల గురించి రాస్తుంది. డెబ్బైకి దగ్గర పడింది, ఎడమ చెవి వినబడదు, నోరు మాత్రం చక్కగా పనిచేస్తుంది. ఈ ఏడు ఆమెకు ఒక్కటే కోరిక. ‘కత్తెరలు వెళ్ళిపోయాక’ అనే చిన్న సినిమాకు ఇంకో ముక్క పడాలి. పోర్ట్ అగస్టా ఊరి పిల్ల ఎవరో తీసిన మొదటి సినిమా అది. వారం రోజులు మధ్యాహ్నం ఆటలు ఆడి, ఎవరూ రాక ఎత్తేశారు. బహుమతి రాకపోయినా ఫరవాలేదు. ఆ సినిమా చూసినవాళ్ళు ఇంకొకరు ఉంటే చాలు, దాని గురించి ఒకరితో మాట్లాడుకోవచ్చని ఆమె ఆశ. చూసిన దగ్గర్నుంచీ ఆ మాటలన్నీ కడుపులోనే ఉండిపోయాయి.

పంకా గిరగిరా తిరుగుతున్నా గాలి లేదు. బల్లమీద చాక్లెట్టు పూసిన లామింగ్టన్ కేకులకు చెమటలు పడుతున్నాయి. అందరిలోకీ చిన్నదైన తాలియా ‘ఎర్ర తీరం’ అనే సినిమా కోసం వాదించి వాదించి గొంతు బొంగురు చేసుకుంది.

“ఇక నాది వినండి,” అంది వెర్నా. “గొర్రెల షెడ్డులో ఒక వంటామె. బొచ్చు కత్తిరించేవాళ్ళంతా పని అయిపోయి వెళ్ళిపోతారు. ఆమె పళ్ళేలన్నీ కడుగుతుంది. తుడుస్తుంది. తుడిచి, అలవాటుకొద్దీ మళ్ళీ అందరికీ బల్లమీద సర్దేస్తుంది.”

“తర్వాత?”

“తర్వాతేముంది, చూస్తూ నిలబడుతుంది.”

“అంతేనా? అమ్మో వెర్నా, మా ఇంట్లో రోజూ ఆడుతుంది ఆ సినిమా. టికెట్టు కూడా అక్కర్లేదు!” అన్నాడు స్టావ్రోస్. ఒకప్పుడు చేపల వేపుళ్ళ కొట్టు నడిపి, ఇప్పుడు గ్రీకు భాషా రేడియోలో సినిమాలను వేయిస్తుంటాడు. సంఘం కార్యదర్శి.

తాలియా పకపకా నవ్వింది.

“నవ్వమ్మా, నవ్వు. నీకు ఇంట్లో ఇంకా పళ్ళేలు చాలకపోవడమే తెలుసుగానీ, మిగిలిపోవడం ఎలా ఉంటుందో తెలీదు,” అంది వెర్నా.

తాలియా నవ్వు ఆపేసింది. కప్పు బల్ల చుట్టూ తిరిగింది. ఎవరికి వాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని ముక్క వేశారు. స్టావ్రోస్ కళ్ళజోడు ఎగదోసుకుని ఒక్కొక్కటే తీసి చదవడం మొదలుపెట్టాడు. ‘ఎర్ర తీరం’, మళ్ళీ ‘ఎర్ర తీరం’. ఆ తర్వాత ‘కత్తెరలు వెళ్ళిపోయాక’. అది తనదేనని వెర్నాకు తెలుసు. ఇంకో రెండు ‘ఎర్ర తీరం’ వచ్చాయి. ఆ పైన స్టావ్రోస్ కనుబొమలు పైకి లేచాయి.

“అరెరే! ‘కత్తెరలు’ ఇంకోటి!”

వెర్నా కుర్చీలో ముందుకు జరిగింది. ఎవరో చూశారు. ఈ గదిలోనే ఎవరో ఆ పళ్ళేలు చూశారు. ఆమె ఆబగా ఒక్కొక్కరి ముఖమే వెతికింది. అందరూ కలిసి వెళ్ళే రోజు కూడా కళ్ళముందు కదిలింది. ఒక వరుసంతా తెలిసిన మనుషులు, అటూ ఇటూ దగ్గులు, మిఠాయి కాగితాల చప్పుడు. ఎన్నాళ్ళయిందో అలా సినిమా చూసి.

స్టావ్రోస్ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశాడు. “ఒకే రోజు, ఒకే ఆట. ఎఫ్ వరుసలో ఏడు, ఎనిమిది.” కళ్ళజోడు మీదుగా వెర్నాను చూశాడు. “ఏమే దొంగా! మాకు చెప్పకుండా ఎవడే పక్కన?”

గది గొల్లుమంది. ఎవరో ఈల కూడా వేశారు. వెర్నా మాత్రం ఆ రెండో ముక్కనే చూస్తోంది.

“నేనే,” అన్నాడు వెర్నాకు చనువైన సభ్యుడు బ్రెంటన్, బల్ల వంక చూస్తూ. “ఆ రోజు నేనే వెర్నా పక్కన కూర్చున్నాను.”

ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ రోజు వాన. సినిమా అయ్యాక తాను హాలు ముందు తడుస్తూ నిలబడితే, అటుగా పోతున్న బ్రెంటన్ కారు ఆపి ఇంటి దగ్గర దింపాడు. చేతిసంచిలోంచి రుమాలు తీసినప్పుడు ఆ ముక్క కారులో పడిపోయి ఉంటుంది. ఇంటికెళ్ళాక ఎంత వెతికినా దొరకలేదు. వీడు దాన్ని దాచి, ఇప్పుడు జాలిపడి తెచ్చి కప్పులో వేశాడు. అంటే ఆ సినిమా ఇంకెవరూ చూడలేదు.

ఊరుకుంటే సరిపోయేది. సంఘమంతా కదిలేది, వరుసంతా నిండేది. బ్రెంటన్ కూడా బతిమాలుతున్నట్టే చూశాడు. కానీ ఆ సీట్లో తాను కూర్చున్నానని అన్నాడే, ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది.

“నువ్వు కూర్చోలేదురా,” అంది. “ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. అది క్లెమ్ సీటు.”

నవ్వులు ఆగిపోయాయి.

“ఏ సినిమాకు వెళ్ళినా రెండు టికెట్లు కొంటాను. ఒకటి నాకు, ఒకటి ఆయనకు. నా కోటు కూడా అందులో పెట్టను, ఒళ్ళోనే పెట్టుకుంటాను. ఎవరికీ చెప్పలేదు. మతి పోయిందంటారని సిగ్గేసింది. ఆ ఓటు చెల్లదు స్టావ్రోస్, తీసెయ్.”

స్టావ్రోస్ ముఖం నల్లబడింది. ఇందాక తానన్న మాట ఎక్కడ దాచుకోవాలో తెలియక, ఎనిమిదో సీటు ముక్కను రుమాలుతో తుడిచి, రెండు చేతులతో ఆమెకు తిరిగి ఇచ్చాడు.

“నియమం సంగతి పక్కనపెట్టి మనమంతా వెళ్ళి చూద్దాం,” అంది తాలియా.

“వద్దమ్మా. నా మీద జాలితో ఆ సినిమా చూడొద్దు. దాన్ని తీసిన పిల్లకు అది అవమానం. చూడాలనుంటే ఆడుతున్నప్పుడే వెళ్ళేవాళ్ళు.”

‘ఎర్ర తీరం’ గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెర్నా కూడా కొట్టింది. లామింగ్టన్లు పంచుకుంటూ అందరూ ఆమెతో అతి మెత్తగా మాట్లాడారు. రోగిని చూడ్డానికి వచ్చినవాళ్ళలా మాట్లాడుతుంటే ఆమెకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. కిందికి దిగింది.

బ్రెంటన్ వెంటపడి వచ్చాడు. సముద్రం వైపు ఎండ కళ్ళలో గుచ్చుతోంది.

“తప్పయిపోయింది,” అన్నాడు. “నీ ముఖం చూడలేక వేశాను. రెండు టికెట్ల సంగతి నాకు తెలీదు. ఎవరో నీతో వచ్చారనుకున్నాను. వచ్చారులే అని సంతోషించాను కూడా.”

“నేనూ సంతోషించానురా, ఇందాక. కాసేపే అనుకో.”

కొంచెం దూరం నడిచాక బ్రెంటన్ అడిగాడు.

“గురువారం కొత్త సినిమా వస్తోంది. నేనూ రానా? నా టికెట్టు నేనే కొనుక్కుంటాను.”

వెర్నా ఆ ముక్కను సంచి లోపలి అరలో పెట్టి, ఈసారి జిప్పు వేసింది.

“రా. కుడిపక్కన క్లెమ్ ఉంటాడు. నువ్వు ఎడమపక్కన కూర్చో.”

“ఎడమ చెవి నీకు వినబడదు కదా?”

“సినిమాలో నువ్వు మాట్లాడకూడదు,” అంది వెర్నా. “ఆయనా మాట్లాడడు.”