వానాకాలం మెట్లు

రంగులేసే ఆయన రోజూ పొద్దున్నే డబ్బా, బ్రష్షులు పట్టుకుని మేడ దిగేవాడు. గోడలు తడిస్తే రంగు పట్టదు కనక వానాకాలంలో పనుండేది కాదు. పనిలేని నెలల్లో వాళ్ల వాటాకి వెళ్లే మెట్లు పెరిగేవి. ఆ వీధిలో అందరికీ అంతే. సంపాదన తగ్గితే పెరుగుతాయి, చేతిలో నాలుగు డబ్బులాడితే తగ్గుతాయి. ఎవరూ ముక్కున వేలేసుకునేవాళ్లు కాదు. "ఈ నెల మీవి బాగా పెరిగాయా వదినా?" అని నీళ్ల పంపు దగ్గర పలకరించుకునేవాళ్లు, అంతే.

అతని భార్య నిండుబిందెతో మధ్యలో కూలబడి, ఎక్కడో పైనున్న తలుపుని చూసి నిట్టూర్చేది. అతను మాత్రం బియ్యం బస్తా భుజానేసుకుని, ఈల వేస్తూ ఎక్కేసేవాడు. అలా ఇరవయ్యేళ్లు గడిచాయి.

చివరికి ఓ రంగుల గోదాములో నెలజీతం కుదిరింది. వానలు పడుతున్నా మెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. ఆవిడ గబగబా పైకెళ్లి, కిందికొచ్చి, ఊరికే మళ్లీ ఎక్కింది.

ఆ వానాకాలం వెళ్లకముందే అతను మూడో మెట్టు మీద గుండె పట్టుకుని కూలిపోయాడు.

ఆస్పత్రిలో ప్రాణగండం తప్పాక ఆవిడ డాక్టరమ్మని ఆపింది.

"మెట్లు కొండంత ఉన్నప్పుడు గుండ్రాయిలా ఉన్నాడమ్మా. తగ్గాక ఇదేంటి? నాకేం పాలుపోవడం లేదు."

"ఇన్నేళ్లూ ఎక్కినవి ఎక్కడికి పోతాయమ్మా?"

"మరి జీతం వచ్చిందిగా?"

డాక్టరమ్మ మందుల చీటీ రాసి చేతికిచ్చింది. "ఇక మెట్లెక్కనివ్వకండి," అంది.

కింది వాటాలో ఉండేది నెలనెలా పింఛను అందుకునే పెద్దాయన. సంగతి విని, "పైన గాలి బాగుంటుంది. వాటాలు మార్చుకుందాం లేమ్మా," అన్నాడు.

సామాన్లు మారిన రోజు రంగులేసే ఆయన కింది వాటా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెద్దాయన పరుపుచుట్ట చంకలో పెట్టుకుని మేడ వైపు నడిచాడు. ఆయన కాలు పెట్టేసరికి రెండే మెట్లున్నాయి. రెండంగల్లో పైనున్నాడు.

"ఏమే, ఆయన నాకంటే పదేళ్లు పెద్ద కదూ?"

"అవునండీ."

"మరి?"

ఆవిడ అతని వీపు వెనక దిండు సర్ది, లోపలికి నడిచింది. గడప దాటుతుంటే, అక్కడ లేని మెట్టు కోసం ఆవిడ కాలు దానంతటదే పైకి లేచింది.