అంచు కోయని పుస్తకం

వర్తక సంఘం వాళ్లు పోలీసు ఫిర్యాదు కాగితం పట్టుకొచ్చేసరికి బట్టల కొట్టాయన తానులు సర్దుకుంటున్నాడు. సంఘం స్థాపించిన పెద్దాయన, సమ్మె చేసిన కూలీలను గోదాములో పెట్టి తాళం వేయించాడని ఎవరో పుస్తకం రాశారట. ‘అది చదివి మా మనోభావాలు దెబ్బతిన్నాయి’ అన్న వాక్యం కింద కొట్టాయన వెనకా ముందూ చూడకుండా సంతకం గీకి, మళ్లీ తానుల్లో పడ్డాడు. మనలో ఇలా చేయనివాళ్లు ఎంతమంది?

పోలీసులు రాసినవాణ్నే కాక అచ్చు వేసినవాణ్ని కూడా పట్టుకున్నారు. ఆ అచ్చు వేసినవాడు స్వయానా కొట్టాయన బావ.

అక్క కొట్టుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నువ్వా పుస్తకం చదివావురా?”

“పెద్దవాళ్లంతా చెప్పారక్కా.”

“మీ బావకి మూడేళ్లు పడొచ్చంటున్నారు. కేసు మానుకోమని నిన్ను అడగను. కోర్టుకు మాత్రం అది చదివి రా.”

ఆయన చదవలేదు. చదివితే ఏమవుతుందోనని లోపల భయం.

కోర్టులో న్యాయమూర్తి, ఫిర్యాదుతో జతచేసిన ప్రతిని ఆయన చేతికిప్పించి, బాధపెట్టిన పేజీ చదవమంది. బావ ప్రెస్సులో అంచులు కోసే యంత్రం లేదు. అచ్చు కాగితాలు మడిచి కుట్టి, అట్ట వేసి ఇచ్చేస్తారు. కలిసే ఉండే పేజీల అంచుల్ని కొన్నవాళ్లే చాకుతో కోసుకుని చదువుకుంటారు. ఈ ప్రతిలో ఒక్క మడతైనా తెగలేదు. కొట్టాయన ముఖం చిన్నబోయింది. బోనులో ఉన్న బావ నవ్వలేదు, తల తిప్పుకున్నాడు.

“చాకు ఇప్పించండమ్మా,” అన్నాడు కొట్టాయన.

నిలబడే కోశాడు, నిలబడే చదివాడు. చివరికి పుస్తకం మూసి తలెత్తాడు.

“నిజంగానే బాధేసిందమ్మా. ఆ పెద్దాయన ఫోటో మా కొట్లో ఉంటుంది. ఇది అబద్ధమనే నా నమ్మకం. అయితే ఎక్కడ అబద్ధమో నేను చెప్పుకోవాలి గానీ, దీనికి మనుషుల్ని లోపల వేయించడమేంటి? నా సంతకం తీసేయండి.”

“మీరు సంతకం వెనక్కి తీసుకున్నా తీసుకోకపోయినా, ఒకరి మనసుకి కష్టం కలగడం ఇంకొకరి నేరం కాదు,” అని న్యాయమూర్తి రాసినవాణ్నీ అచ్చు వేసినవాణ్నీ విడుదల చేసింది.

కొన్నాళ్లకు కొట్టాయన ఆ పుస్తకానికి తన జవాబు రాసుకుని ప్రెస్సుకు వెళ్లాడు. బావ కాగితాలు తిరగేశాడు.

“ఇందులో నన్ను కూడా తిట్టావే.”

“వేస్తావా, వేయవా?”

“వేస్తాను. అంచులు మాత్రం కోయను.”

“వద్దు బావా. కోసుకుని చదివినవాళ్లే నన్ను తిట్టనీ.”

పాఠకులారా, నచ్చని మాటకు జవాబు చెప్పే హక్కు మనకు మిగలాలంటే, ఆ మాట అనే హక్కు అవతలివాడికి ఉండి తీరాలి.