నూట ఎనభై సెంటీమీటర్ల దారం

ఆ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబుకు తాళం వేసి ఉన్నా ప్రయోగాలు మాత్రం ఆగవు. ఆ వింత చూడాలంటే పరీక్షలకు నెల ముందు క్యాంటీన్‌కు వెళ్లాలి. ఒక్కో బల్ల చుట్టూ నలుగురు, మధ్యలో పై తరగతివాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్న పాత రికార్డు, చేతుల్లో స్కేలూ పెన్సిలూ, పక్కన చల్లారిపోతున్న టీ. ఏడాది పొడవునా చేయాల్సిన పన్నెండు ప్రయోగాలు రెండు మధ్యాహ్నాల్లో పూర్తయిపోతాయి. అందరి అంకెలూ ముచ్చటగా కుదురుతాయి. దీన్ని కాపీ అంటే వాళ్లకు కోపం వస్తుంది. "రికార్డు రాసుకుంటున్నాం" అంటారు.

మన పిల్లలు కాలేజీకి వెళ్తున్నారని మనం నలుగురికీ గొప్పగా చెప్పుకుంటాం. వెళ్లి అక్కడ ఏం చేస్తున్నారని మాత్రం అడగం. అడగాల్సిన ప్రశ్న అదే.

ఆ బల్లల్లో ఒకదాని దగ్గర మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్ కూతురు కూర్చుని ఉంది. డిగ్రీ మొదటి సంవత్సరం. క్లాసులో ఊరికే చెయ్యెత్తుతుందని తోటివాళ్లు ఆమెకు డౌటమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో ఆ పేరు వింటే ఏడుపొచ్చేది. ఇప్పుడు పిలిస్తే హాయిగా పలుకుతోంది.

లోలకం ప్రయోగం దగ్గర ఆమె పెన్సిలు ఆగిపోయింది. దారానికి గుండు కట్టి ఊపి, ఇరవై ఊపులకు ఎన్ని సెకన్లు పట్టిందో రాయాలి. దారం పొడవు పెరిగేకొద్దీ ఊపు నెమ్మదిస్తుందని పాఠంలోనే ఉంది. పాత రికార్డులో మాత్రం తొంభై సెంటీమీటర్ల దారానికి ముప్పై ఎనిమిది సెకన్లు, దానికి రెట్టింపు పొడవున్న నూట ఎనభైకి ముప్పై అయిదు పాయింట్ తొమ్మిది.

"ఇదేంటే, పొడుగు దారం పొట్టిదానికంటే తొందరగా ఊగిందా?" అంది పక్కనున్న స్నేహితురాలితో.

"ఊగిందో లేదో మనకెందుకే? సార్ రెడ్ ఇంకుతో టిక్కు పెట్టారు, చూడు. ఎన్నేళ్లుగానో అందరూ ఇదే రాస్తున్నారు. మక్కికి మక్కి దించెయ్, పోయేదేముంది?"

డౌటమ్మ దించలేదు. లేచి వెళ్లి ల్యాబు అటెండరును తాళం తియ్యమంది. అతను ఆమెను ఎగాదిగా చూశాడు.

"క్లాసు లేదుగా అమ్మా?"

"ప్రయోగం చేసుకుంటాను బాబాయ్."

లోలకాల డబ్బా మీది దుమ్ము దులపడానికే అయిదు నిమిషాలు పట్టింది. దాన్ని అడిగినవాళ్లను చూసి ఎన్నాళ్లయిందో తనకే గుర్తులేదన్నాడు అటెండరు. ఆమె స్టాండును బల్ల అంచున పెట్టి, దారాన్ని కిందికి వదిలి అరవై, తొంభై, నూట ఇరవై కొలిచింది. నూట ఎనభై దగ్గరికి వచ్చేసరికి గుండు నేల మీద కూర్చుంది. పాత భవనంలో పైకప్పుకు కొక్కెం ఉండేదని, ల్యాబు ఇక్కడికి మార్చినప్పుడు దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదని అటెండరు చెప్పాడు. అంటే ఈ గదిలో ఎవరూ కొలవలేని పొడవుకు అందరూ సమాధానం రాస్తున్నారన్నమాట.

ఆమె తన రికార్డులో మూడు వరసలు నింపింది. నాలుగో వరసలో "ఇక్కడ వేలాడదీయడానికి ఎత్తు చాలలేదు. కొలవలేదు" అని రాసింది.

మర్నాడు లెక్చరర్ ఆ పేజీ చూసి ఒంటికాలి మీద లేచాడు.

"ఏంటిది? అందరికీ వచ్చింది నీకొక్కదానికే రాలేదా?"

"వాళ్లకీ రాలేదు సార్. చూసి రాశారు."

లెక్చరర్ మొహం ఎర్రబడింది.

"శుక్రవారానికల్లా చివరి వరస నింపుకుని రా. లేకపోతే సంతకం పెట్టను. సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కి కూర్చోనివ్వరు, తెలుసుగా?"

తెలుసు. ప్రాక్టికల్ పోతే ఏడాది పోయినట్టే. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి తనే. ఏడాది పోయిందంటే ఇక చదువు మానేసి ఇంటి పట్టున ఉండమనడానికి చుట్టాలందరూ సిద్ధంగా ఉన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే భయం వేసింది, దానికంటే ఎక్కువగా ఒళ్లు మండింది.

తండ్రి ఇంటి ముందున్న షాపులో కింద కూర్చుని, కాలిపోయిన మోటారులోంచి తీసిన రాగి తీగ చుట్లు లెక్కపెడుతున్నాడు. పక్క షాపువాళ్లు ఏ మోటారుకు ఎన్ని చుట్లో నోటుపుస్తకం చూసి చుట్టేస్తారు. ఈయన ప్రతిసారీ పాత తీగను విప్పి లెక్కపెట్టుకుంటాడు. అందుకే ఈయన దగ్గర పని ఆలస్యమని పేరు.

తల్లి విషయం వినగానే కంగారు పడింది. "ఆయనతో నీకెందుకే పంతం? ఆ అంకేదో రాసి పడేస్తే పోయేదానికి!"

"తప్పంకె అమ్మా అది."

"అందరికీ లేని పట్టింపు నీకెందుకమ్మా?"

తండ్రి లెక్క పూర్తయ్యేదాకా మాట్లాడలేదు. చుట్ల సంఖ్య గోడ మీద సుద్దతో రాసి, అప్పుడు తలెత్తాడు.

"తప్పని నీకెట్లా తెలుసు? నువ్వు కొలిచావా?"

"లేదు నాన్నా. చోటు లేదు."

"మరి కొలవకుండా వాళ్లు రాసింది తప్పయితే, కొలవకుండా నువ్వు అనేది ఒప్పెట్లా అవుతుంది తల్లీ?"

ఆమె రికార్డు తెరిచి నాలుగో వరస మరోసారి చూసుకుంది.

"ఆ గదిలో చోటు లేదన్నావు. కాలేజీ అంటే ఆ ఒక్క గదేనా?"

గురువారం మధ్యాహ్నం, భోజనాల వేళ, కాలేజీ మెట్ల దగ్గర గుంపు చేరింది. మొదటి అంతస్తు రెయిలింగ్‌కు కట్టిన దారం చివర ఇత్తడి గుండు ఊగుతోంది. అటెండరు స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డాడు. డౌటమ్మ దారం పొడవును మూడుసార్లు కొలిచి చూసుకుంది. నవ్వడానికి వచ్చినవాళ్లు కూడా కాసేపటికి ఆమెతో పాటు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పధ్నాలుగు, పదిహేను, పదహారు...

"ఏంటీ సంత? ఎవరి పర్మిషన్‌తో కట్టారిది?" లెక్చరర్ గుంపును తోసుకుంటూ వచ్చాడు.

"చివరి వరస నింపుకు రమ్మన్నారు కదా సార్. నింపుకుంటున్నాను," అంది ఆమె, గుండు మీంచి చూపు తిప్పకుండా.

"ఇరవై!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

అటెండరు వాచీ చూసి గట్టిగా చదివాడు. "యాభై నాలుగు పాయింట్ రెండు."

మళ్లీ ఊపారు. యాభై మూడు పాయింట్ ఎనిమిది. ఇంకోసారి. యాభై మూడు పాయింట్ తొమ్మిది.

స్నేహితురాలు సంచిలోంచి తన రికార్డు తీసి ఆ పేజీ తెరిచింది. ముప్పై అయిదు పాయింట్ తొమ్మిది. ఎప్పుడో ఎవరో యాభై మూడును తిరగేసి ముప్పై అయిదుగా రాశారు. అది చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు, అలా ఏళ్ల తరబడి వందల మంది ఆ తప్పును పువ్వుల్లో పెట్టి అందించుకుంటూ వచ్చారు. ప్రతి తప్పు పక్కనా ఎర్రటి టిక్కు ఉంది.

లెక్చరర్ ఆ పేజీ చూసి డౌటమ్మ వైపు తిరిగాడు.

"సరే, నీది రాసుకుని రా. సంతకం పెడతాను. మిగతావాళ్లు క్లాసుకి పదండి."

ఎవరూ కదల్లేదు. స్నేహితురాలు పెన్ను తీసి తన అంకె మీద అడ్డంగా గీత కొట్టేసింది. గీత గట్టిగానే పడింది.

"నాకూ కొలవాలనుంది సార్," అంది.

"నాక్కూడా," అన్నారు వెనక నుంచి ఎవరో. తరవాత ఇంకొకరు. మెట్ల పొడవునా రికార్డులు తెరుచుకున్నాయి.

"పరీక్షలు మూడు వారాల్లో పెట్టుకుని అందరూ మొదటినుంచీ చేస్తామంటే ఎట్లా? నేనూ ఈ కాలేజీలోనే చదివాను. మేమూ ఇట్లాగే..." అంటూ ఆయన ఆగిపోయాడు. అనుకోకుండా నోరు జారింది. కానీ ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. గొంతు తగ్గించి, "నేనూ చూసే రాశాను," అన్నాడు.

పాపం అనిపించింది డౌటమ్మకు. ఆయన చెడ్డవాడేం కాదు. ఈయన్నీ ఒకప్పుడు ఎవరూ ల్యాబులోకి రమ్మనలేదు. ఈయనా తాళం తియ్యమని అడగలేదు. అడగకుండా పట్టా పుచ్చుకుని వెళ్లిపోయి, అదే తాళానికి కాపలాగా తిరిగి వచ్చాడు. తను ఈ వేళ ఊరుకుంటే ఇరవై ఏళ్ల తరవాత ఆ కుర్చీలో కూర్చునేది తనే కావచ్చు. ఆ ఆలోచనతో ఆమెలో మిగిలిన కాస్త భయమూ పోయింది.

"మీ మీద కోపంతో కాదు సార్," అంది. "మార్కులు తగ్గితే తగ్గనీయండి. సంతకం ఆలస్యమైతే కానీయండి. మూడేళ్లు ఇక్కడుండి ఇంకొకళ్ల అంకెలు దించుకుని పోవడానికి రాలేదు మేము. లైబ్రరీలో పుస్తకం ఉంటే అడిగి తీసుకుంటాం, క్లాసులో అర్థం కాకపోతే పదిసార్లయినా అడుగుతాం. రేపటి నుంచి ల్యాబు తెరిచి ఉంచండి సార్, తప్పొచ్చినా ఒప్పొచ్చినా మా చేతులతో మేమే కొలుచుకుంటాం!"