ముందు చక్రాల చప్పుడు

వీధి మలుపులో ఉన్న స్పీడ్ బ్రేకర్ మీద కారు ముందు చక్రాలు ఎక్కి దిగితే ‘టక్కు’మని ఒక చప్పుడు వచ్చేది. పొయ్యి దగ్గర ఉన్నా, దొడ్లో మేకలకు తుమ్మకాయ వేస్తున్నా గుర్వమ్మ చెవులు ఆ చప్పుడు మీదే ఉండేవి. అది వినపడగానే గుండె కుదుటపడేది. కొడుకు సురేశ్ బతికి ఉన్నన్నాళ్లూ వాడి రాకకు అదే గుర్తు. వాడు పోయాక ఏడాదిన్నరగా ఆ కారును కోడలు మల్లీశ్వరి నడుపుతోంది. చప్పుడు మాత్రం అదే. ఈ మధ్య కాస్త పెద్దదైంది, అంతే.

ఇప్పుడు ఆ చప్పుడే జబ్బని తేలింది.

నకిరేకల్‌లో హైవే పక్కన మెకానిక్ గాలయ్యది రేకుల షెడ్డు. సురేశ్‌తో కలిసి బడికి పోయినవాడు. కారును జాకీ మీద లేపి, ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. ఊడబోయే పాలపన్నులా కదిలింది అది. కిందికి దూరి లైటు వేసి చూసి, బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

“చెల్లె, కుదుపు ఆపే ముందటి షాకప్‌లు రెండూ లీకైనయి. లోపలి ఆయిల్ మొత్తం కారిపోయింది. చక్రాలను పట్టుకునే లోయర్ ఆర్ముల బాల్ జాయింట్లు గూడ అరిగినయి. గిట్లనే అమ్రాబాద్ ఘాటు ఎక్కిస్తనంటవా?”

“గందుకే గదన్నా నీ తానికి తెచ్చింది. ఐతారం పొద్దుగాల బయలెల్లాలె. సోమారం జాయిన్ గావాలె” అంది మల్లీశ్వరి.

అమ్రాబాద్ దవాఖానాలో నర్సు ఉద్యోగం వచ్చింది ఆమెకు. ఉండడానికి చిన్న క్వార్టర్ కూడా ఇస్తామన్నారు. ఆమెతో పాటు ఏడేళ్ల స్నిగ్ధ కూడా పోతోంది. ఆ రోజు గురువారం.

“రెండు తొవ్వలున్నయి” అన్నాడు గాలయ్య. “ఒకటి కారు కంపెనీ సామాను. ఇంకోటి బయటి సామాను. బయటిదాంట్ల మంచిది ఉంటది, చెత్తది ఉంటది. నా తాన మంచిదే ఉన్నది. రేపు పొద్దుమూకె వరకు బిగిస్త.”

మల్లీశ్వరి సరే అనబోయింది. ఈలోగా వెనక స్టూలు మీద కూర్చున్న గుర్వమ్మ నోరు తెరిచింది.

“కంపెనీవే ఎయ్యాలె.”

ఇద్దరూ వెనక్కి తిరిగారు.

“ఏ ముక్కయినా సరే, కంపెనీదే ఉండాలె. పసిపిల్ల కూసుంటది గండ్ల.”

“గీ పాత మోడల్‌కు కంపెనీ షాకప్‌లు ఎంటనే దొరుకుత లేవు పెద్దమ్మా. హైదరాబాద్‌కు చెప్పాలె. వచ్చేవారం ఆఖర్కు వస్తయి.”

“రానీ. తొందరేమున్నది?”

తొందర ఏముందో ఆమెకు తెలుసు. తెలిసే అంది.

పోయేవాళ్లను వెనక్కి పిలవకూడదని ఆమెకు కాపురానికి వచ్చినప్పుడే నేర్పారు. అత్తగారిది గొర్లమందల ఇల్లు. చేలు ఎండిపోయాక మగవాళ్లు మందను తోలుకుని నల్లమల అడవికి పోయేవాళ్లు. ఆడవాళ్లు ఊరి పొలిమేర దాకా నడిచి, ముందు నడిచే పొట్టేలు నొసట మల్లన్న బండారి పసుపు పూసి, మాట్లాడకుండా వెనక్కి తిరిగేవాళ్లు. పోవద్దు అనకూడదు. ఎప్పుడొస్తావని అడగకూడదు. కాలం చేసిన ఆమె భర్త ఎల్లయ్య మాత్రం అడగకపోయినా “మొదటి వానకు, మిరుగానికి వస్త” అని తనే చెప్పి పోయేవాడు. ముసలితనం వచ్చి మంద అమ్మేసే దాకా ఏ ఏడూ మాట తప్పలేదు. అయినా ఆ నడుమ నెలలన్నీ గుర్వమ్మ కంటిమీద కునుకు లేకుండానే గడిపేది.

కోడలిని పోవద్దని ఎలా అంటుంది? కంపెనీ సామాను వేయమని అనడంలో తప్పేముంది?

మల్లీశ్వరి అత్త ముఖం వైపు చాలాసేపు చూసింది.

“సరే అన్నా, అత్తమ్మ చెప్పినట్టే కానియ్యి. కంపెనీవే తెప్పియ్యి.”

అత్తాకోడళ్లు, స్నిగ్ధ ఆటోలో ఇంటికి వచ్చారు. సాయంత్రం గుర్వమ్మ మేకలను కట్టేసి లోపలికి వచ్చేసరికి, కట్టిపెట్టిన సంచులన్నీ విప్పి ఉన్నాయి. మల్లీశ్వరి ఒక్కో వస్తువూ తీసి గోడ పక్కన పెడుతోంది.

“ఏం జేస్తున్నవు బిడ్డా?”

“బస్సుల పోతం అత్తమ్మా. నల్గొండల దిగి దేవరకొండ బస్సు, ఆడ దిగి అచ్చంపేట బస్సు, ఆడ మళ్ల ఇంకోటి. నాకో సంచి, దీనికో సంచి. కుక్కరు, బొంత, బియ్యం ఇడ్సిపెట్టి పోత.”

“కారు తయారైనంక పోరాదు?”

“కొలువు కారు కోసం ఆగుతదా?” కోడలి గొంతులో కోపం లేదు. గుర్వమ్మకు అందుకే భయమేసింది. “అయినంక గాలయ్యన్న తెచ్చి వాకిట్ల పెడ్తడు. దినాం దుమ్ము తుడ్సుకుంట ఉండు.”

గుర్వమ్మ గోడ పక్కన పడున్న కుక్కరు వైపు చూస్తూ నిలబడింది. కారును ఆపితే మనిషి ఆగుతుందనుకుంది. ఇప్పుడు కారు ఉంటుంది, మనుషులు ఉండరు. అది కూడా చిన్నపిల్లతో బస్సులు మారుకుంటూ పోయే ప్రయాణం.

బొమ్మల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న స్నిగ్ధ తలెత్తింది.

“మరి కారు లేకుంటే రెండో శనివారం నీ తానికి ఎట్లొస్తం అవ్వా?”

“ఏం రెండో శనివారం?”

“నెలనెల వస్తం గద. శనివారం వచ్చి ఐతారం పోతం. అమ్మ అన్నది.”

గుర్వమ్మ కోడలి వైపు తిరిగింది. “నాకు చెప్పకపోతివి?”

“నువ్వు అడగకపోతివి” అంది మల్లీశ్వరి, చీర మడత పెడుతూ.

మర్నాడు తెల్లవారగానే గుర్వమ్మ గాలయ్య షెడ్డుకు వెళ్లింది. అతను చాయ్ తాగుతున్నాడు.

“కంపెనీవి చెప్పినవా గాలయ్యా?”

“నిన్ననే చెప్పిన. ఏం పెద్దమ్మా, ఇయ్యాల బంగారంవి చెయ్యిమంటవా?”

“నగకు, నిజం చెప్పు. బయటివి ఏస్తే ఏమైతది?”

“గా మాట నిన్న అడుగుతే అయిపోవు!” అంటూ గాలయ్య లేచి, కారు నుంచి విప్పిన పాత సామాన్లు గోనెపట్టా మీద పరిచాడు.

గుర్వమ్మ గొంతుక్కూర్చుని, గొర్రె వీపు నొక్కి చూసినట్టు షాకప్ కడ్డీని నొక్కింది. అది లోపలికి పోయి, పైకి రాకుండా అక్కడే ఉండిపోయింది.

“అది సచ్చుడు ఒక్క దినం సంగతి కాదు” అన్నాడు గాలయ్య. “ఏడాది సంది చెప్తనే ఉన్నది. ఆయిల్ కారింది, కారు ఊగింది, సప్పుడు జేసింది. మనమే ఇనలే. బయటిది ఏస్తే జర గట్టిగ ఉంటది, గుంతల కాడ నడుముకు ఎరుకైతది. కంపెనీదాని కంటే ఏడాది ముందుగాల పోతదేమో. పోయినా గిట్లనే చెప్పి పోతది.”

“మరి గిది?” ఆమె పక్కనున్న ఆర్ము చివర చెయ్యి పెట్టింది. నిమ్మకాయంత ఇనుప గుండు. దాన్ని కప్పిన రబ్బరు చినిగి ఉంది.

“గిదే బాల్ జాయింటు. దీని ముచ్చట వేరు. రబ్బరు చినిగి మన్ను సొచ్చినంక ఒక్కోపారి సప్పుడు చేస్తది, ఒక్కోపారి చెయ్యకుంటనే ఊడుతది. ఊడిందంటే చక్రం అడ్డం పడుతది. బండి మన చేతుల ఉండదు. గీ జాగల మాత్రం నేను కంపెనీదే ఏస్త.”

“అది గూడ హైదరాబాద్ నుంచే రావాల్నా?”

“కాదు. ఆర్ముతోటి కలిసి వస్తది. నల్గొండల దొరుకుతది.”

గుర్వమ్మ ఆ రెండింటి ముందు కదలకుండా కూర్చుంది. సురేశ్ ఆ రాత్రి చారుతో అన్నం తిన్నాడు, ఉప్పు తక్కువైందన్నాడు, పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. అప్పటి నుంచీ ఆమెకు గడప దాటిన ప్రతి మనిషీ అలాగే పోతున్నట్టు ఉంటుంది. బడికి పోయే పిల్ల అయినా, ఉప్పు ప్యాకెట్టుకు పోయే కోడలైనా. కానీ మల్లీశ్వరి ఏం దాచింది? పరీక్ష రాసినప్పుడు చెప్పింది. జాబితాలో పేరు వచ్చినప్పుడు మొదట తనకే చెప్పింది. క్వార్టర్ ఫొటో ఫోన్‌లో చూపిస్తే, తను మేకలు అరుస్తున్నాయని లేచి వెళ్లింది.

“షాకప్‌లు నీ తానివి ఎయ్యి” అంది లేస్తూ. “ఆర్ములు నేను తెస్త.”

“నువ్వా! కుడిది వేరే, ఎడమది వేరే ఉంటది పెద్దమ్మా.”

“మందల ఏ పిల్ల ఏ గొర్రెదో చెప్పినదాన్ని. గీ రెండు ఇనుప కట్టెలు గుర్తువట్టనా?”

గాలయ్య నవ్వి, పాత ఆర్ములు రెండూ సంచిలో వేసి, దుకాణం పేరు చెప్పాడు. ఆమె ఎదురుగా వచ్చిన నల్గొండ బస్సు ఎక్కింది.

దుకాణంలో పాతవాటి పక్కన కొత్తవి పెట్టించి, వంపు వంపూ తడిమి చూసింది. కుర్చీలో కూర్చున్న సేటు విసుక్కున్నా లెక్కచేయలేదు. తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. షెడ్డు ముందు మల్లీశ్వరి నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“ఏడికి పోయినవు అత్తమ్మా?”

“నల్గొండ.”

“చెప్పకుంట పోతవా? ఫోను ఇంట్లనే పెట్టి పోయినవు. గాలయ్యన్న ఎవలదో బండి బాగుచేసేతందుకు కట్టంగూరు పోయిండంట, షెడ్డుకు తాళం ఉన్నది, ఫోను ఎత్తుత లేడు. పొద్దటి సంది చెలకలు, దవాఖాన, బస్టాండు అన్నీ తిరిగిన.” ఆమె అత్త భుజం పట్టుకుంది. “నువ్వు గూడ గట్లనే పోయినవనుకున్న.”

గుర్వమ్మ చేతిలోని బరువు సంచి నేల మీద పెట్టింది. తను కనపడకపోతే భయపడే మనిషి ఒకరు ఉంటారని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఇన్నేళ్లూ ఎదురుచూడటం తన ఒక్కదాని పనే అనుకుంది.

“తప్పయింది బిడ్డా” అంది. “ఇగో, నీ చక్రాలకు తెచ్చిన. ఐతారం కారులనే పోదురు. కుక్కరు సంచిల పెట్టు.”

మల్లీశ్వరి కొంగుతో ముఖం తుడుచుకుంది. “గింత బరువు ఎట్ల మోసినవే?” అని గదమాయిస్తూ సంచి అందుకుంది.

శనివారం గాలయ్య ఆర్ము బిగించబోతుంటే గుర్వమ్మ ఆగమని, బొడ్డుసంచిలోంచి బండారి పొట్లం తీసింది.

“పెద్దమ్మా, గ్రీజు పెట్టే జాగల బండారి పెట్టకు. మళ్ల నన్నే తిడ్తరు.”

“జాగ చూసే పెడుతున్న తియ్యి. పొట్టేలు నొసలు తెల్వనిదాన్నా?” అని మెరుస్తున్న ఆ కొత్త ఇనుముకు పైవైపు ఒక్క బొట్టు పెట్టింది.

ఆదివారం పొద్దున సామాను సర్దారు. నల్గొండలో ఆగి చక్రాల అలైన్‌మెంటు సరిచేయించుకోవాలని, అది మరువొద్దని గాలయ్య రెండుసార్లు ఫోన్ చేశాడు. కారు మెల్లగా కదిలింది. గుర్వమ్మ పక్కనే వీధి మలుపు దాకా నడిచింది. అక్కడ ఆగి, కిటికీ మీద చెయ్యి వేసి, ఎన్నడూ ఎవరినీ అడగని మాట అడిగింది.

“ఎప్పుడొస్తరు బిడ్డా?”

“రెండో శనివారం అత్తమ్మా. బయలెల్లేముందు ఫోన్ జేస్త.”

స్నిగ్ధ వెనక అద్దంలోంచి చెయ్యి ఊపింది. ముందు చక్రాలు స్పీడ్ బ్రేకర్ ఎక్కాయి, దిగాయి. గుర్వమ్మ చెవులు అలవాటుగా ఆ చప్పుడు కోసం ఆగాయి. రాలేదు. కారు కాస్త వంగి లేచి, హైవే వైపు మెత్తగా సాగిపోయింది.

ఇక వచ్చేటప్పుడు కూడా ఆ చప్పుడు ఉండదు. ఆమె బొడ్డుసంచి తడుముకుంది. బండారి పొట్లం పక్కన ఫోను గట్టిగా తగిలింది. ఇంటి వైపు తిరిగింది. మేకలు అరుస్తున్నాయి.